ఆపరేషన్‌కు శుభలేఖ

తెలివితక్కువ పనులు నేను చాలానే చేశాను గాని, గుండ్రటి అక్షరాలతో, కొట్టివేతలు లేకుండా, నలభై పోస్టు కార్డుల మీద చేసింది ఇదొక్కటే. మోకాలికి ఆపరేషన్ చేయించుకోబోతూ చుట్టాలందరికీ కబురు రాశాను. అందులో తప్పేముంది అంటారు. కార్డు చివర "తాము సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి మమ్మానందింపజేయ ప్రార్థన" అని కూడా రాశాను.

కావాలని రాయలేదు. డెబ్బైల చివర్లో సంగతి. జగ్గయ్యపేటలో కాపురం ఉంటూ, చిల్లకల్లు దాటి మూడు మైళ్ళు లోపలికి ఉన్న ఒక ఊరి హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసేవాణ్ణి. తెలుగు మాస్టారంటే మా వీధి దృష్టిలో పెళ్ళి శుభలేఖలు రాసిపెట్టేవాడు. మాఘంలో మొదలైతే వైశాఖం దాకా నా చెయ్యి ఖాళీగా ఉండేది కాదు. ఆ చివరి వాక్యం నా బుర్రలో పుట్టడం ఏనాడో మానేసి, మణికట్టులోంచే వచ్చేది. ఆ కార్డులు కూడా పెళ్ళిళ్ళ సీజన్ మధ్యలోనే రాశాను. మణికట్టు తన పని తను చేసుకుపోయింది.

అసలు కార్డులెందుకు రాయాలి అంటే, రాయకపోతే ఇంకా ప్రమాదం. "కాలు కోయించుకుంటూ మాకొక్క ముక్క రాయలేదు" అనే మాట మా వైపు మనిషి పోయాక కూడా బతికే ఉంటుంది.

నా మోకాలి కథ చిన్నది. సైకిల్ తొక్కుతూ ఉంటే ఎడమ మోకాలు ఉన్నట్టుండి గడియ పడ్డట్టు పట్టేసేది. దిగి, కాస్త ఊపి, వదిలించుకుని మళ్ళీ ఎక్కేవాణ్ణి. బెజవాడ డాక్టరుగారు చూసి, కీలు మధ్యలో ఉండే మెత్తటి పొర చిరిగింది, కీలు తెరిచి దాన్ని తీసెయ్యాలి అన్నారు. నేను బతుకంతా పిల్లలకు సంధులు విడదీయడం నేర్పినవాణ్ణి. నా సంధినే ఇంకొకరు విడదీస్తామనేసరికి చెమటలు పట్టాయి.

"కొయ్యడం నా పని. నడిపించుకోవడం మీ పని" అన్నారాయన. ఇంటికెళ్ళాక నేల మీద కూర్చోకూడదు. గొంతుకూర్చోకూడదు. ఎత్తు కుర్చీలో కూర్చుని, చీలమండకు ఇసుక సంచి కట్టుకుని, కాలు ఎత్తుతూ దించుతూ, మడమను వెనక్కి వెనక్కి లాగాలి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. అది మానేస్తే కీలు బిగుసుకుపోతుంది. వేసవి సెలవుల్లో చేయించుకుంటే జూన్‌లో బడి తెరిచేనాటికి సైకిలెక్కవచ్చు.

ఎక్కవచ్చు కాదు, ఎక్కి తీరాలి. ఆ ఊరికి బస్సు లేదు. ఆ మోకాలి పుణ్యాన నా సెలవులు అప్పటికే పూర్తిగా అయిపోయాయి. మా హెడ్మాస్టరుగారు మంచివాడు, మంచిగానే చెప్పారు. "తెరిచిన రోజు మీ సంతకం పడకపోతే, పోస్టు ఖాళీ అని పైకి రాయక తప్పదు మాస్టారూ. రాసేటప్పుడు నాకూ బాధగానే ఉంటది." కాబట్టి ఆ ఎండాకాలం నా ఉద్యోగం మొత్తం ఒక పెడలు చుట్టూ తిరగాలి. లేదా తిరగదు.

కార్డులు పోస్టులో వేశాక ఇల్లు సిద్ధం చేయడం మొదలుపెట్టాను. మా వీధి చివరి వడ్రంగిని పిలిచాను. నవారు మంచం కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టి ఎత్తు చేశాం. నాపరాళ్ళ మీద జారకుండా గోనె పట్టాలు పరిచాం. మంచినీళ్ళ కుండ స్టూలెక్కింది. పెరటి చివర దొడ్డికి వెళ్ళడానికి చేత్తో పట్టుకునేలా దారి పొడుగునా వెదురు కట్టించాను. గడప అడ్డమొస్తుంది, కాస్త కోయిద్దామా అంటే మా ఆవిడ ఆ గడపకే పసుపు రాస్తూ తలెత్తింది.

"గడప కోస్తారా? మీ కాలు కోయించుకుంటున్నారుగా, ఈ ఏటికి చాల్లెండి."

గడపకు అటూ ఇటూ చెక్కలు వాలుగా వేయించి ఊరుకున్నాను.

అన్నిటికంటే ముఖ్యం కుర్చీ. వడ్రంగి దాన్ని మనసు పెట్టి చేశాడు. ఎత్తుగా, చేతులతో, వీపుకి వాలుతో. కూర్చునేచోట ఒక గుండ్రటి కంత, దాని మీద చక్కగా అమరే చెక్క మూత. మూత ఉంటే కుర్చీ, మూత తీసి కింద బకెట్టు పెడితే దొడ్డి. అంతటితో ఆగలేదు.

"మాస్టారూ, ఓసారి సైకిలెక్కి గోడ పట్టుకుని కూర్చోండి. పెడలు పైకొచ్చినప్పుడు మడమ ఎంత ఎనక్కి పోద్దో చూద్దాం."

చూసి, కొలిచి, కుర్చీ కాళ్ళను కలిపే కింది పట్టె మీద సుద్దముక్కతో మూడు గీతలు గీశాడు. "మడమ మొదటి గీత కాడికొస్తే కుర్చీలో కూర్చోవచ్చు. రెండోదానికొస్తే మెట్లెక్కొచ్చు. మూడోదానికొస్తే బడికెళ్ళొచ్చు." డాక్టరుగారు కూడా ఇంత విడమరిచి చెప్పలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. పన్నెండో రోజు అద్దె కారు వెనక సీటు మీద కాలు చాపుకుని, మా ఆవిడ భుజానికానుకుని, నందిగామ మీదుగా ఇంటికొచ్చాను. ఇంటి ముందు జనం. అరుగు మీద చెప్పులు, గుమ్మంలో సంచులు, వసారాలో చంటిబిడ్డ ఉయ్యాల. కారు పొరపాటున ఎవరింటి ముందో ఆగిందనుకున్నాను.

మా అక్క మొగుడు, వీరులపాడు బావగారు, చుట్ట చేత్తో పట్టుకుని ఎదురొచ్చారు.

"ఏమయ్యా బావమరిదీ, పిలిచినోడివి ఇంట్లో లేకపోతే ఎట్టా? ముహూర్తం దాటిపోలా?"

"పిలిచానా?"

ఆయన చొక్కా జేబులోంచి కార్డు తీసి, దూరంగా పెట్టి, అందరికీ వినపడేలా చివరి వాక్యం చదివారు. నా అక్షరాలు. అంత గుండ్రంగా ఇంకెవరూ రాయరు. మా ఆవిడ కారులోంచే నా మొహం వంక చూసింది. ఆ చూపుతో పోలిస్తే కాలి నొప్పి ఎంతో నయం.

బావగారు చెడ్డవారు కాదు. ఆ మాట నేను ఇప్పటికీ అంటాను, కాస్త ఆగి అంటాను. మిగతా చుట్టాలు నాలుగు రోజులుండి పోయి, వేరే నలుగురు వచ్చేవారు. ఆయన మాత్రం మా అక్కను గొడ్ల దగ్గర వదిలేసి, "కాలు బాగలేని మనిషికి మగతోడు ఉండాలి" అని నిలిచిపోయారు. వస్తూ వస్తూ ఒక ఎద్దు గంట తెచ్చి నా తలాపున పెట్టారు. "ఏదన్నా కావాలంటే కొట్టు. చెల్లెమ్మ పరిగెత్తుకొస్తది." అలా ఇంటి యజమానిని కాస్తా ఇంటి ఎద్దునయ్యాను. నాకంటే ఎక్కువగా ఆయనే కొట్టేవారు, టీకి.

ఇక కుర్చీ. మేం వచ్చిన గంటలోనే ఆయన అందులో కూర్చున్నారు. "ఎంత బాగా చేయించావయ్యా! చేతులు పెట్టుకోను కూడా ఉంది. మాకోసం ఇంత శ్రమ ఎందుకు?" దాని రెండో ఉద్యోగం ఏమిటో చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పినా లేచేవారు కాదేమో. ఇంట్లో ఉన్న మంచి కుర్చీ అదొక్కటే, ఉన్న పెద్దమనిషీ ఆయనొక్కరే. ఆయన లేస్తే తరవాతి వయసువారు కూర్చునేవారు. వరస తప్పేది కాదు. నా వరసే రాలేదు.

రెండో రోజు ఎలాగో బతిమాలుకుని కుర్చీ ఎక్కాను. మా ఆవిడ చీలమండకు ఇసుక సంచి కట్టింది. మడమ మొదటి గీతకు ఇంకా బెత్తెడు ఇవతలే ఉంది. పళ్ళు కరుచుకుని రెండుసార్లు ఎత్తానో లేదో, చందర్లపాడు నుంచి వచ్చిన పిన్నిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో అయ్యో, కోసిన కాలికి మూటలు కడతారా!"

బావగారు వంగి, స్వయంగా సంచి విప్పేశారు. "ఎద్దుకి మెడ మీద పుండైతే మేం కాడి కూడా ఎయ్యం. ఏం డాక్టరయ్యా వాడు? నువ్వు పడుకో. పాపం, వాళ్ళు దూరం నుంచి వచ్చారు."

"వ్యాయామం చెయ్యాలి బావగారూ."

"చేద్దువులే. రెండు బస్సులు మారి నిన్ను చూట్టానికొచ్చారు. నువ్వు లేచి కూర్చుని కాళ్ళూపుతా ఉంటే వాళ్ళు ఎవర్ని చూసినట్టు? పడుకో."

పరామర్శకు వచ్చినవారికి రోగి పడుకునే కనపడాలి. పడుకుంటేనే బత్తాయిలకు అర్థం ఉంటుంది. నేను పడుకున్నాను. వాళ్ళు చూశారు. ఎలా పడ్డావు అని అడిగారు. పడలేదండీ, చిరిగింది అని చెప్పాను. చిరగడమేమిటి, గుడ్డా అన్నారు. వాళ్ళు వెళ్ళాక ఇంకొకరు వచ్చి, ఎలా పడ్డావు అని అడిగారు. వారం తిరిగేసరికి నిజం చెప్పే ఓపిక పోయి, పడ్డానండీ అనడం మొదలుపెట్టాను. ఇంటినిండా చుట్టాలు, చుట్టాల నోట్లో చుట్టలు, మధ్యలో పొగచూరిన నేను. కాలు బాగుండకపోతే కాలం కూడా ఎంత నెమ్మదిగా కుంటుతుందో అప్పుడు తెలిసింది.

వెదురు చేసిన నిర్వాకం చెప్పలేదు కదూ. పెరట్లోకి వెళ్ళేటప్పుడు అది నా కుడిచేతికి బ్రహ్మాండంగా అందింది. తిరిగి వచ్చేటప్పుడు ఎడమ వైపుకి పోయింది, కోసిన కాలి వైపుకి. పోవడానికే ఆలోచించాను గాని రావడానికి ఆలోచించలేదు. అక్కడ నిలబడిపోయి పిలిస్తే, మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కుడి వైపు భుజం ఇచ్చేది. రోజుకు నాలుగైదుసార్లు. ఆ ఎండలో, అంతమందికి వండుతూ. మంచానికి ఇటుకలు, కుండకు స్టూలు, నాపరాళ్ళకు గోనె, అన్నీ అమర్చాననుకున్నవాణ్ణి, ఇదంతా మోసే మనిషికి ఏమీ అమర్చలేదని ఆ భుజం మీద చెయ్యి వేసినప్పుడే తెలిసింది. భుజం సన్నగా, వేడిగా ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం బావగారు బజారుకెళ్ళారు. మా ఆవిడ కుర్చీ ఖాళీ అయింది, రండి అనడానికి వచ్చి, తనే ఒక్క క్షణమని అందులో కూర్చుని, గోడకు తలానించి, చేతిలో గరిటెతోనే నిద్రపోయింది. నేను ఎద్దు గంటను చప్పుడు కాకుండా తీసి దిండు కింద పెట్టుకున్నాను. ఆ నెలలో నేను చేసిన వ్యాయామం అంతే. పావుగంటకు బావగారొచ్చి, "చెల్లెమ్మా, కాసిని టీనీళ్ళు" అన్నారు. ఆవిడ లేచింది.

ఆపరేషనై నెల తిరిగాక బెజవాడ వెళ్ళాం. డాక్టరుగారు కాలు పట్టుకుని వంచబోయారు. అది మొదటి గీత దగ్గరే ఆగింది.

"మాస్టారూ, బడికే కాదు, కాలికి కూడా సెలవులిచ్చినట్టున్నారే."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఇంకో ఇరవై రోజులు చూస్తాను. అప్పటికీ వంగకపోతే మత్తిచ్చి నేనే వంచాలి. అప్పుడిక జూన్ సంగతి మర్చిపోండి."

తిరుగు బస్సులో మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. నేను హెడ్మాస్టరుగారికి రాయాల్సిన ఉత్తరం మనసులో రాసుకుంటున్నాను, మణికట్టును దూరంగా పెట్టి. నందిగామలో బస్సు ఆగినప్పుడు ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "మన వీధిలో వేపచెట్టు ఎవరి దొడ్లో ఉంది?" అంది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి మా గుమ్మానికి రెండు వైపులా వేపకొమ్మలు వేలాడుతున్నాయి. గడప పక్కన చెంబులో పసుపునీళ్ళు, అందులో వేపరెమ్మ.

ఎండాకాలంలో గుమ్మానికి వేపకొమ్మ కనపడితే ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని మా వైపు చంటిపిల్లలక్కూడా తెలుసు. ఎవరూ అడగరు. ఎవరూ లోపలికి రారు. పేరు కూడా పైకి అనరు. అప్పటికి ఇంట్లో బావగారు, పిన్నిగారు, ఇంకో ఇద్దరు ఉన్నారు.

"ఏంది చెల్లెమ్మా ఇది?" అన్నారు బావగారు, గొంతు తగ్గించి.

"ఏం లేదన్నయ్యగారూ" అని, ఆవిడ ఇంకా గొంతు తగ్గించి, నా మంచం వైపు ఒక్కసారి చూసి, తల దించుకుంది.

తొమ్మిది గంటల బస్సుకు ఇల్లు ఖాళీ. బావగారు చుట్టల డబ్బా కూడా మర్చిపోయారు. వీధి మలుపు దగ్గర చిల్లకల్లు వైపు చుట్టాలు రెండు కుటుంబాలు ఎదురై, గుమ్మం చూసి, అటునుంచి అటే తిరిగి వెళ్ళారని తరవాత తెలిసింది.

"అబద్ధమాడావే" అన్నాను.

"నేనెవరికి చెప్పానండీ అబద్ధం? ఎండలు కదా, చల్లగా ఉంటదని కట్టా. లేవండి. కుర్చీ ఖాళీగా ఉంది."

తరవాతి ఇరవై రోజులు చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఇసుక సంచి, సుద్దగీత, నొప్పి, మధ్యలో మజ్జిగ. నేను ఆగిపోతే ఆవిడ గీత వంక చూసేది, నా వంక కాదు. మడమ రెండో గీతను దాటిన రోజు ఇద్దరం సంతోషించాలనుకున్నాం గాని ఓపిక లేక పడుకున్నాం. డాక్టరుగారు ఈసారి చూసి, "పాసు మార్కులే" అన్నారు. బడి తెరిచే ముందురోజు వడ్రంగి వచ్చి సైకిల్ పట్టుకున్నాడు. పెడలు సగం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వెనక్కొచ్చింది. అలా ఎన్నిసార్లో. ఒకసారి మాత్రం, నేను చూస్తూ ఉండగానే, పైకెక్కి అటువైపు దిగింది. మర్నాడు రిజిస్టర్లో నా సంతకం కాస్త వంకరగా ఉంటుంది. గుండ్రంగా రాయడమంటే అప్పటికి నాకు విసుగు పుట్టింది.

బావగారికి నిజం తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. ఆ తరవాత ఏ పెళ్ళికెళ్ళినా, పదిమందిలో నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పేవారు. "అమ్మవారు పోసిన మొహమేనా ఇది? ఏదీ, ఒక్క మచ్చ చూపించు! నలభై కార్డులు రాసి పిలిచి, నాలుగు వేపమండలతో వెళ్ళగొట్టాడయ్యా మావాడు." జనం నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఏడెనిమిదేళ్ళు నవ్వాను. మోకాలి కంటే దవడే ఎక్కువ అరిగింది.

ఎనభైల నడుమ ఆయనకు మడమ ఎముక పెరిగింది. చెప్పు వేయనిచ్చేది కాదు. బెజవాడలో కోసి తీసేయాలన్నారు, నెల్లాళ్ళు కాలు కింద మోపకూడదన్నారు. నేను మా కుర్చీని బస్సు టాపు మీద వేయించుకుని వీరులపాడు తీసుకెళ్ళాను, సాయంగానే. దాని రెండో ఉద్యోగం గురించి అప్పుడు చెప్పాను. ఆయన మూత ఎత్తి చూసి, మళ్ళీ జాగ్రత్తగా మూసేశారు.

తరవాత కార్డుల కట్ట తెప్పించి నా ముందు పెట్టించారు. "నువ్వే రాయాలయ్యా. పోయినసారి రాసినట్టే, ఆ చివరి ముక్క కూడా పెట్టు. వచ్చే ఆదివారం ఇంటికొస్తాడు, వచ్చి చూసిపొమ్మని రాయి. మనుషులు చుట్టూ లేకపోతే నాకు ముద్ద దిగదు."

వెనక గుమ్మంలో మా అక్క నిలబడి ఉంది. కందులు చెరుగుతోంది గాని, చేట ఆగిపోయింది. ఆవిడ చూపు కార్డుల కట్ట మీద ఉంది. ఆ చూపు నాకు కొత్త కాదు, ఒకసారి అద్దె కారులో చూశాను.

అన్నీ రాశాను. ఆయన చెప్పినట్టే, తేదీలు లేకుండా, "వచ్చే ఆదివారం" అనే రాశాను. చివరి వాక్యం ఈసారి కావాలనే రాశాను. పోస్టు డబ్బాలో వేస్తానని తీసుకెళ్ళి, ఎనిమిదో తరగతి వాచకంలో పెట్టుకున్నాను.

బావగారు ఇంటికొచ్చారు. ఒక్కడూ రాలేదు. మా అక్క ఇద్దరికే వండింది. ఆయన వసారాలో కుర్చీలో కూర్చుని దారి వంక చూస్తూ, కాలు ఆడిస్తూ, చేయడానికి ఇంకేమీ లేక డాక్టరు చెప్పిన వ్యాయామాలన్నీ చేశారు. నేను వెళ్ళినప్పుడల్లా, "లోకంలో మనిషన్నవాడు లేడయ్యా" అనేవారు. "కాలం అట్టా ఉంది బావగారూ" అనేవాణ్ణి. ఆరు వారాలకు ఆయన చెప్పులేసుకుని మిరప చేలోకి నడిచి వెళ్ళారు.

ఆ కబురు అందిన రోజు సాయంత్రం, బడి నుంచి వస్తూ సైకిల్ దిగకుండానే, కార్డులన్నీ డబ్బాలో వేశాను.

ఆదివారానికి ముందే నేను వీరులపాడులో ఉన్నాను. పొద్దున్నే బావగారు చేనికి పోయారు. తొమ్మిదింటికి మొదటి బస్సు దిగింది. పదిన్నరకు వసారా నిండింది. బత్తాయిలు, బ్రెడ్డు, ఉయ్యాల. చందర్లపాడు పిన్నిగారు కూడా వచ్చింది, రెండు బస్సులు మారి. అందరూ ఖాళీ మంచం వంక చూస్తున్నారు.

మా అక్క నన్ను వంటింటి వైపు లాగింది. "నువ్వేనా?"

"నేనే."

"ఇంకో నెల ఆగి ఎయ్యలేకపోయావా" అంది, నవ్వు దాచుకుంటూ. "ఆదివారం పూటన్నా కాస్త నడుం వాలుద్దామనుకున్నానే."

"వంట నువ్వు చెయ్యొద్దు. మా ఇంటి నుంచి క్యారియర్లు వస్తున్నాయి. నీ మరదలు పదకొండు గంటల బస్సుకొస్తది."

అంతలో బావగారు చేలోంచి వచ్చారు. భుజాన తువ్వాలు, చేతిలో మిరపకాయలు, రెండు కాళ్ళకూ చెప్పులు, వడివడిగా. గుమ్మం దగ్గర ఆగిపోయారు. వాళ్ళ చూపులన్నీ ఆయన మడమ మీదికి దిగాయి. పిన్నిగారు సంచిలోంచి తీసిన బత్తాయిని మళ్ళీ సంచిలో పెట్టేసుకుంది.

నేను మంచం మీద దుప్పటి దులిపి పరిచాను.

"పడుకోండి బావగారూ. పాపం, వాళ్ళు దూరం నుంచి వచ్చారు."

ఆయన నా వంక చూశారు. తరవాత మిరపకాయలు నా చేతిలో పెట్టి, చెప్పులు విడిచి, మంచమెక్కి, మోకాళ్ళ దాకా దుప్పటి లాక్కున్నారు. సంచిలో తెచ్చిన ఎద్దు గంటను తీసి ఆయన తలాపున పెట్టాను. కుర్చీ ఖాళీగానే ఉంది. మూత సరిగ్గా ఉందో లేదో చూసుకుని కూర్చున్నాను.

"ఎలా పడ్డావయ్యా అల్లుడూ?" అని అడిగింది పిన్నిగారు.